ఆదివాసుల మీద పరిశోధన చేసేవాళ్లు అసలు ఏం చేస్తారు? ఆ జీవితం ఎలా ఉంటుంది?

ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) ఎం.ఏ. చదువుతున్న ఒకరు ఈ ప్రశ్న అడిగారు. నేను పీహెచ్‌డీ కోసం ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు ఒక గోండు గూడెంలో పదకొండు నెలలు ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొదటి నెల దాదాపు వృథా అయింది. నలభై ప్రశ్నలు రాసుకుని వెళ్లి ఇంటింటికీ తిరిగాను. ఏది అడిగినా "అవును", "కాదు" అనే జవాబే. చివరికి కాగితాలు సంచిలో పెట్టేసి వాళ్లతో పాటు పత్తి ఏరడానికి వెళ్లాను. చేతులు పనిలో ఉంటే మాటలు వాటంతటవే వస్తాయి. ఎవరి పెళ్లి ఎందుకు ఆగింది, ఏ ఇంటికీ ఏ ఇంటికీ పడదు, వాళ్ల వంశ దేవుడు పెర్సాపేన్ పూజకు ఎవరు రాలేదు... అన్నీ అక్కడే విన్నాను. రాత్రి కూర్చుని గుర్తున్నంతా రాసుకునేదాన్ని. ఎంత అలసిపోయినా ఆ రాత్రే రాయాలి, మర్నాటికి సగం పోతుంది. నా పనిలో అన్నిటికంటే కష్టమైంది ఇదే, మలేరియా జ్వరం కంటే కూడా.

గోండీ నేర్చుకోవడం మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. అది ద్రావిడ భాషే. నీళ్లను "ఏర్" అంటారు, అది మన ఏరే. చెట్టు "మరా", మన మ్రాను. ఇలాంటి మాట దొరికిన రోజు నాకు పండగలా ఉండేది.

బంధుత్వాలు అర్థం కాకపోతే గోండుల్లో ఏదీ అర్థం కాదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలని వాళ్లలో నాలుగు విభాగాలు ఉంటాయి. ఇంటిపేరు చెప్పగానే ఏ సగో తెలిసిపోతుంది. ఒకే సగవాళ్లు అన్నదమ్ముల్లాంటి వాళ్లు, పెళ్లి కుదరదు. నా ఇంటిపేరు దేనిలోనూ ఇమడలేదు. నేనున్న ఇంటివాళ్లు నన్ను వాళ్ల సగలోనే కలుపుకున్నారు. ఆ రోజు నుంచి ఎవరిని అన్న అనాలో, ఎవరిని బావ అనాలో నాకు తెలిసింది. నాతో ఎలా మాట్లాడాలో వాళ్లకూ తెలిసింది.

ఒక తప్పు కూడా చెప్పాలి. గోండుల కథలు పాడే ప్రధాన్లనే తెగవాళ్లు, కమానుతో వాయించే కీక్రీ అనే తీగ వాద్యం మీద గోండుల పుట్టుపూర్వోత్తరాలు పాడతారు. ఆదిలాబాద్ ప్రధాన్లు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా మరాఠీ, పాట మాత్రం గోండీలో. ఒకసారి ఆ పాట మొదలవగానే అడగకుండా రికార్డర్ ముందు పెట్టాను. పెద్దాయన కమాను ఆపి దాని వైపు చూశారు. ఏమీ అనలేదు, ఆ రాత్రి ఇక పాడలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన మళ్లీ నా ముందు పాడడానికి మూడు నెలలు పట్టింది.

ఈ ప్రాంతంలో పరిశోధనంటే ఆంత్రోపాలజిస్టు హైమన్‌డార్ఫ్ పేరు రాకుండా ఉండదు. 1909లో వియన్నాలో పుట్టారు. ఈశాన్యంలో నాగాల మధ్య పనిచేసి వెళ్లి, 1939లో మళ్లీ మన దేశానికి వచ్చేసరికి యుద్ధం మొదలైంది. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు కాబట్టి శత్రుదేశస్థుడిగా లెక్కకట్టి హైదరాబాద్ సంస్థానం దాటి తిరగనివ్వలేదు. ఆయన చెంచుల దగ్గరికి, తర్వాత కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ను పంపింది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. తరతరాలుగా దున్నుకుంటున్న భూమికి పట్టాల్లేకపోవడం, అడవిని రిజర్వు చేసి వాళ్లను వెళ్లగొట్టడం, బయటివాళ్లు భూములు రాయించుకోవడం అసలు కారణాలని తేల్చారు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ మొదలైంది. 1949 నాటికి 11 వేల మందికి పైగా ఆదివాసులకు దాదాపు 1,60,000 ఎకరాలు పట్టా అయ్యాయి. 1970ల్లో మళ్లీ వచ్చి చూస్తే, అందులో చాలా భూమి చేతులు మారిపోయి ఉంది. అదీ రాశారు. బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో చనిపోయారు. వాళ్ల సమాధులు మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గూడెంవాళ్లు పూలు పెడతారు.

నేను ఆయనంత పని చేయలేదు. కానీ ఆ గూడెంలో ఒక ముసలాయన నన్ను అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "రాసుకొని పోతవు గదా బిడ్డా, అండ్ల మాకేముంది?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

రెండేళ్ల తర్వాత ఫోన్ వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఒక కుటుంబం దరఖాస్తు పెడుతోంది. తాతల నాటి శిస్తు రసీదు ఒకటుంది, కానీ అందులో పేరున్న మనిషికి తాము ఏమవుతారో చూపించే కాగితం లేదు. ఆ చట్టం నియమాల్లో సాక్ష్యంగా ఒప్పుకునే వాటిలో, పాత రికార్డులో పేరున్న మనిషిదాకా సంబంధం చూపించే వంశవృక్షం కూడా ఉంది. ఎవరు ఎవరిని పెళ్లాడొచ్చో అర్థం చేసుకోవడానికి నేను గీసిన చార్టులో ఆ పేరు ఉంది. శుభ్రంగా మళ్లీ గీసి తీసుకెళ్లాను. గ్రామసభలో చదివి వినిపించారు. ఒక చోట నేను అక్కను చెల్లెలుగా రాశానని ఒక అవ్వ సరిదిద్దింది.

మీరు ఈ పనిలోకి రావాలనుకుంటే ముందు భాష నేర్చుకోండి. ఒక సంవత్సరమైనా ఒకే ఊళ్లో ఉండండి. పంట, దండారి నాట్యాల పండగ, నాగోబా జాతర, వానాకాలం ఆకలి, అన్నీ ఒక్కసారైనా కళ్లతో చూడాలి. ఇంటి మీద బెంగ తప్పదు. రాసింది అచ్చుకు పంపే ముందు ఊళ్లో చదివి వినిపించండి, ఒక ప్రతి అక్కడే వదిలి రండి. నేను గీసిన చార్టు ఆ కుటుంబం దగ్గర రేకు పెట్టెలో ఉంది, శిస్తు రసీదుతో పాటు. నా దగ్గరున్న దాంట్లో కూడా ఆ అక్కాచెల్లెళ్ల తప్పు దిద్దుకున్నాను.