కొరియన్ ‘హదా’కు ‘అన్’ ఎక్కడ తగిలించాలి?

‘హదా అంటే చేయడమని తెలుసు, కానీ చేయను అనాలంటే, లేదని చెప్పే మాట ‘అన్’ ఎక్కడ పెట్టాలో తేలట్లేదు’ అని అడిగారు. ముందు మధ్యలోంచి ఇంగ్లీషును తీసేయండి. తెలుగువాళ్లకు కూడా ఈ క్రియను ఇంగ్లీషు మీదుగానే నేర్పుతుంటారు, చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మనం ‘ఫోన్ చేయను’ అంటాం. లేదనడం ‘చేయు’కే అంటుకుంటుంది, ఫోన్‌కు కాదు. కొరియన్‌లోనూ అంతే: చొన్‌హ్వా అన్ హెయో. ‘అన్ చొన్‌హ్వాహెయో’ తప్పు. చదువుకైతే కొంగ్‌బు అన్ హెయో, పనికైతే ఇల్ అన్ హెయో.

అయితే చోఅహదా (ఇష్టపడటం) దగ్గర లెక్క మారుతుంది. అక్కడ అన్ చోఅహెయో అనాలి. పిగొన్‌హదా (అలసటగా ఉండటం) కూడా అంతే, అన్ పిగొన్‌హెయో. ఏది ఏ రకమో తేల్చుకోవడానికి ‘హదా’ ముందున్న మాటకు ‘ని’లాంటి ఉల్ లేదా రుల్ తగిలించి చూడండి. అచ్చుతో ముగిసే మాటకు రుల్, హల్లుతో ముగిస్తే ఉల్. కొంగ్‌బురుల్ హెయో కుదురుతుంది, కాబట్టి అన్ మధ్యలోకి వస్తుంది. చోఅరుల్ అన్న మాటే లేదు, కాబట్టి అన్ ముందుకు పోతుంది. జాబితాలు బట్టీ పట్టేకన్నా ఈ పరీక్షే మేలు.

ఆ రుల్‌ను వాక్యంలో రెండుసార్లు వాడకండి. హన్‌గుగొరుల్ కొంగ్‌బుహెయో అనండి, లేదంటే హన్‌గుగొ కొంగ్‌బురుల్ హెయో అనండి. ‘కొరియన్‌ని చదువుని చేస్తున్నా’ అని మనమూ అనం కదా.

రూపాలు తక్కువే. హ, యొ కలిసి హె అవుతుంది. అందుకే హెయో (చేస్తాను), హెస్సొయో (చేశాను). మర్యాద లేని ‘హె’ మనం ‘నువ్వు’ అనేవాళ్ల దగ్గరే చెల్లుతుంది. సీరియళ్లు చూసి నేర్చుకునేవాళ్లు కొత్తవాళ్ల ముందు కూడా అదే వాడేస్తారు, చాలా మొరటుగా ఉంటుంది. నాలుగో రోజుకల్లా ఈ తెలుగు లిపి రాతలు మానేసి కొరియన్ లిపి హంగుల్‌లోకి వెళ్లండి, మూలాక్షరాలు 24 మాత్రమే. ‘చేస్తాను’ అనే లాంఛన రూపాన్ని హప్‌నిదా అని రాసి హమ్‌నిదా అని పలకడం లాంటివి అక్కడే అర్థమవుతాయి.

నామవాచకం ముందు వచ్చేటప్పుడు పని అయితే హనున్, స్థితి అయితే హన్. కొంగ్‌బుహనున్ హక్‌సెంగ్ అంటే చదివే విద్యార్థి, పిగొన్‌హన్ హక్‌సెంగ్ అంటే అలసిన విద్యార్థి.

తెలుగు దెబ్బకొట్టే చోట్లూ ఉన్నాయి. ‘అతన్ని పెళ్లి చేసుకుంది’ అంటాం కదా, అక్కడ రుల్ పెట్టకూడదు. ‘అతనితో’ అన్నట్టు హగో పెట్టాలి. ఇక ఫోన్ పనిచేయకపోతే ‘ఇల్ అన్ హెయో’ అంటే అది ఉద్యోగం మానేసినట్టు ఉంటుంది. ‘అన్ ద్వేయో’ అనండి.