చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ముందు కోడ్ చదవండి, పార్ట్ సంగతి తర్వాత

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన పిల్లలు ఉన్న డబ్బులన్నీ పోగేసి పాత కరోలానో సివిక్కో కొనుక్కుంటారు, నెల తిరక్కుండానే డాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. ఇక వాట్సాప్ గ్రూపులో మొదలు, "అన్నా బండి ఆగిపోతుందా" అని ఒకరు, "నాది రెండేళ్లుగా వెలుగుతూనే ఉంది, ఏం కాదులే" అని ఇంకొకరు. ఇద్దరి మాటా పట్టించుకోకండి.

ముందు అది నిలకడగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతోందా చూడండి. నిలకడగా ఉండి బండి మామూలుగానే నడుస్తుంటే కంగారు లేదు, ఒకట్రెండు రోజుల్లో చూపించుకోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా కాలట్లేదని అర్థం, ఆ కాలని పెట్రోలు సైలెన్సర్ పైపులో ఉండి పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, అది మార్చాలంటే వెయ్యి డాలర్లు దాటిపోవచ్చు, అందుకే యాక్సిలరేటర్ తగ్గించి ఎక్కడో ఓ చోట ఆపేయండి. ఎర్ర రంగులో నూనె డబ్బా బొమ్మో థర్మామీటర్ బొమ్మో వస్తే అది వేరే కథ, అప్పుడు వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాల్సిందే.

ఇప్పుడు కోడ్ సంగతి, అంటే లైట్ వెలిగినప్పుడు కారు కంప్యూటర్ రాసి పెట్టుకునే తప్పు నంబరు. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మిన పెట్రోలు కార్లన్నిటికీ ఆ కోడ్ చదవడానికి ఓబీడీ-2 అని ఒక సాకెట్ ఉంటుంది, స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర వంగి చూస్తే 16 పిన్నులతో కనిపిస్తుంది. ఆటోజోన్, ఓరైలీ లాంటి పార్ట్స్ షాపుల్లో చాలా చోట్ల ఫ్రీగానే చదివి పెడతారు. కానీ పాత బండి ఉన్నవాళ్లు 20 డాలర్ల చిల్లరలో దొరికే బ్లూటూత్ స్కానర్ ఒకటి గ్లవ్ బాక్స్‌లో పడేసుకోవడమే మంచిది, కొనేటప్పుడు ఐఫోన్‌కి పనిచేస్తుందో లేదో చూసుకోండి, చౌకవి కొన్ని ఆండ్రాయిడ్‌తోనే కలుస్తాయి.

కోడ్ మొదట్లో పి ఉంటే ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి. తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకీ ఒకటే అర్థం, ఒకటి ఉంటే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడ్, మీ మోడల్ పేరుతో కలిపి వెతుక్కోవాలి. పి0300 వరసలోవి సిలిండర్ మిస్‌ఫైర్లు, పి0700 వరసలోవి ట్రాన్స్‌మిషన్‌వి. ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఒంట్లో 102 జ్వరం ఉందని థర్మామీటర్ చెప్తుంది గానీ టైఫాయిడో మలేరియానో చెప్పదు కదా, కోడ్ కూడా అంతే. ఏ పార్ట్ మార్చాలో అందులో రాసి ఉండదు.

దీన్ని అడ్డం పెట్టుకుని ఎక్కువ డబ్బులు లాగేది పి0420 దగ్గర. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని దాని అర్థం, షాపులో ఆ కోడ్ చూడగానే కన్వర్టర్ మార్చాలి అనేస్తారు. తెలిసిన కుర్రాడికి ఒక షాపువాడు అలాగే పద్దెనిమిది వందలు కొటేషన్ ఇచ్చాడు, తీరా ఇంకోచోట చూపిస్తే పైపు జాయింటు దగ్గర గ్యాస్కెట్ లీకు, దాన్నుంచి గాలి లోపలికి లాగి సెన్సర్ తప్పు లెక్క చెప్తోంది. కన్వర్టర్ నిజంగానే పోయుండొచ్చు కూడా, కాకపోతే లీకులూ వెనక ఆక్సిజన్ సెన్సరూ చూడకుండా కార్డు గీకకండి.

పి0301 వస్తే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని. ఇది ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు. 2005 కరోలా లాంటి దాంట్లో ఇంజిన్ మీద ప్లాస్టిక్ కవర్ తీస్తే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ నాలుగు వరసగా కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక్క 10 ఎంఎం బోల్టు. ఇంజిన్ చల్లారాక ఒకటో కాయిల్ తీసి రెండో దాంట్లో, రెండోది ఒకటో దాంట్లో పెట్టండి, వైరు క్లిప్పులు పాతబడి పెళుసుగా ఉంటాయి కాబట్టి మెల్లగా నొక్కి లాగండి. స్కానర్‌తో కోడ్ చెరిపేసి కాసేపు నడిపితే ఈసారి పి0302 వచ్చిందంటే కాయిలే పోయింది, ఆ ఒక్కటి కొంటే చాలు. మళ్లీ పి0301 వస్తే స్పార్క్ ప్లగ్గులు కూడా అలాగే మార్చి చూడండి, అప్పటికీ కదలకపోతే ఇక మెకానిక్ పనే.

పి0455 గానీ పి0456 గానీ వస్తే పెట్రోలు ఆవిరి ఎక్కడో లీకవుతోందని, ముందు గ్యాస్ క్యాప్, అంటే పెట్రోలు ట్యాంకు మూత, టక్‌టక్‌మనేదాకా తిప్పండి, రబ్బరు పగిలి ఉంటే కొత్త క్యాప్ పది పదిహేను డాలర్లే. లైట్ అప్పటికప్పుడే ఆరదు, కొన్ని రోజులు నడిపాక దానంతటదే పోతుంది. పి0128 అంటే ఇంజిన్ సరిగ్గా వేడెక్కట్లేదని, ఎక్కువగా ఆ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ వల్లే, కూలెంట్ తగ్గిందేమో కూడా చూస్కోండి. పి0171 అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ, ఏ గొట్టమో పగిలి ఉండొచ్చు, లేదా గాలి కొలిచే సెన్సర్‌కి మురికి పట్టి ఉండొచ్చు, దానికని ప్రత్యేకంగా క్లీనింగ్ స్ప్రే అమ్ముతారు, వేరే స్ప్రేలు కొట్టకండి.

చాలామంది తెలివనుకుని చేసే పని ఏంటంటే ఎమిషన్ టెస్టుకి, అంటే పొగ పరీక్షకి, వెళ్లే ముందు కోడ్ చెరిపేయడం. టెక్సస్‌లో 2025 నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డల్లాస్, కాలిన్, డెంటన్, హారిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ ఇంకా ఉంది. కోడ్ చెరిపేస్తే కారు కంప్యూటర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే పొగకి సంబంధించిన భాగాల్ని కారు తనకి తానే పరీక్షించుకున్న లెక్కలు కూడా సున్నాకి పోతాయి, టెస్ట్ మెషిన్‌కి అది వెంటనే తెలిసిపోతుంది. 2001 మోడల్, ఆ తర్వాతి బండికి ఒక్కటి మాత్రమే పెండింగ్‌లో ఉండొచ్చు, రెండున్నాయంటే వెనక్కి పంపేస్తారు. హైవే మీదా ఊళ్లోనూ కలిపి కొన్నాళ్లు నడిపితే గానీ అవి నిండవు. చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, కోడ్ పడ్డప్పుడు స్పీడెంత, ఇంజిన్ వేడెంత అన్నీ అందులో ఉంటాయి, మెకానిక్‌కి చాలా పనికొస్తుంది.

పాత కారు కొనడానికి వెళ్లేవాళ్లు కూడా ఈ స్కానర్ జేబులో వేసుకుని వెళ్లండి. లైట్ లేదు కదా అని సంబరపడొద్దు, అమ్మేవాడు పొద్దున్నే చెరిపేసి ఉండొచ్చు, మానిటర్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయంటే ఎందుకని అడగండి. ఇంకోటి, స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్‌లో పెడితే ఆ ఇంజిన్ బొమ్మ కచ్చితంగా వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగనే లేదంటే బల్బు పోయిందో, పీకేశారో, బేరం సంగతి తర్వాత, ముందు అదేంటో తేల్చమనండి.