పులిహోర డబ్బా కూడా నిబంధనలకు విరుద్ధమే

చదువు, వసతి ఉచితంగా ఇస్తున్నప్పుడు అమెరికా కళాశాల క్రీడాకారులకు డబ్బు కూడా ఎందుకని, ఇందులో గుత్తాధిపత్య నిరోధక చట్టానికి ఏం పని అని కొందరు అడిగారు.

2012లో నేను అక్కడ ఎం.ఎస్. చదువుతూ, ఫుట్‌బాల్ ఆటగాళ్లకు గణాంకశాస్త్రం చెప్పేవాడిని. గంటకు 9 డాలర్లు ఇచ్చేవారు. ఒక రాత్రి ఒక కుర్రాడు సాధన ముగించుకొని, మోకాలికి ఐసు సంచి కట్టుకొని వచ్చాడు. కరిగిన నీళ్లు కుర్చీ కింద మడుగు కడుతున్నాయి. భోజనశాల అప్పటికే మూసేశారు. ఆకలిగా ఉందని అతడే అన్నాడు గనుక నా పులిహోర డబ్బా తెరిచి ముందుకు జరిపాను. అతడు పర్యవేక్షకురాలి గది వైపు ఒకసారి చూసి, డబ్బాను మెల్లగా నా వైపే తోసేశాడు. ట్యూటరు పెట్టిన తిండి ‘అదనపు ప్రయోజనం’ అవుతుందట, ఆడే అర్హతకే ఎసరు వస్తుందట. అదే వారం ప్రాంగణంలోని దుకాణంలో అతని నంబరున్న జెర్సీని 75 డాలర్లకు అమ్ముతున్నారు. దాని మీద పేరు లేదు గాని, ఆ నంబరు ఎవరిదో ఊరంతటికీ తెలుసు.

చట్టానికి పని ఇక్కడే ఉంది. మంచి ఆటగాడి కోసం పోటీపడే విశ్వవిద్యాలయాలన్నీ ఎన్‌సీఏఏ (కళాశాల క్రీడలకు నిబంధనలు పెట్టే సంఘం) గొడుగు కింద చేరి, ఎవరూ ఇంతకు మించి ఇవ్వకూడదని కట్టుబాటు చేసుకుంటే, అది కాంట్రాక్టర్లు రింగు కట్టడం వంటిదే. 1890 నాటి షెర్మన్ చట్టం నిషేధించింది ఇటువంటి కుమ్మక్కునే. టీవీ ప్రసార హక్కుల కోసం 1984లో ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు ఇదే చట్టం పట్టుకొని ఎన్‌సీఏఏపై సుప్రీంకోర్టులో గెలిచాయి. ఆటగాళ్ల వంతు రావడానికి మాత్రం 2021లో ఆల్‌స్టన్ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడి కేసులో తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై పరిమితి చెల్లదని తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరుతో నడిచిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదం పొందిన హౌస్ ఒప్పందంతో పాత బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించడానికి, ఒక్కో విద్యాసంస్థ తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు ఆటగాళ్లకు పంచడానికి దారి ఏర్పడింది.

అయినా ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై ఆడే విదేశీ పిల్లలు అమెరికాలో వ్యాపార ప్రకటన చేసి డబ్బు తీసుకోవాలంటే వీసా పోతుందేమోనని నేటికీ భయపడుతున్నారు. అదే వీసా మీద ప్రాంగణంలో పాఠం చెప్పి నేను నిశ్చింతగా జీతం తీసుకున్నాను. మోకాలు అరగదీసుకున్నవాడికి ఆ వెసులుబాటు ఎందుకు ఉండకూడదో నాకు ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు.