చారిత్రక నవల రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రుద్రమదేవి చివరి రోజుల మీద నువ్వు రాస్తున్న నవల మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. ఒకసారి ఆగకుండా చదివాను. మర్నాడు పెన్సిలు పట్టుకుని మళ్లీ చదివాను. నీకు వాక్యం వచ్చు. ఒక మనిషి మాట్లాడుతుంటే ఆ మనిషి కనబడేలా రాయడం వచ్చు. అది ఒకరు చెబితే వచ్చేది కాదు కాబట్టి దాని జోలికి పోను. ఉత్తరంలో నువ్వడిగింది వేరే. "ఎంతవరకు చరిత్ర, ఎక్కడి నుంచి కల్పన? ఎవరైనా తప్పు పడతారేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నావు. దానికే జవాబు రాస్తున్నాను.

నీ కథకు ఆధారమైన రాయి దగ్గరికే వెళ్దాం. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల. అక్కడి శాసనం తేదీ 1289 నవంబరు 27. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. కాకతి మహాదేవి రుద్రమా, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం సోమనాథదేవుడికి భూమి ఇచ్చానని అందులో చెప్పాడు. ఈ శాసనం వెలుగులోకి రాకముందు రుద్రమ 1295-96 దాకా ఏలిందని చరిత్ర పుస్తకాల్లో ఉండేది. ఎక్కడో పల్లెటూళ్లో ఉన్న ఒక రాయి ఒక మహారాణి మరణాన్ని ఆరేళ్లు వెనక్కి జరిపింది. చారిత్రక నవల రాసేవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ మరిచిపోకూడదు. రేపు ఇంకో రాయి బయటపడవచ్చు.

ఇప్పుడు ఆ రాయి మీద లేనిదేమిటో చూడు. ఆమె పోయిందని ఉంది, ఎలా పోయిందో లేదు. సేనానితో కలిపి పేరు చెప్పడం వల్ల ఇద్దరూ యుద్ధంలో, బహుశా తిరుగుబాటు చేసిన సామంతుడు, కాయస్థ వంశపు అంబదేవుడి చేతిలో పోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. మరుసటి ఏడాది, 1290లో, అంబదేవుడు త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తన విజయాలన్నీ ఏకరువు పెట్టాడు. మల్లికార్జునుడి సప్తాంగాలనూ, అంటే కోట, ఖజానా, సైన్యం లాంటి ఏడు అంగాలనూ, హరించానన్నాడు. రాణిని చంపానని మాత్రం చెప్పుకోలేదు. ఎందుకు చెప్పుకోలేదు? తను చంపలేదా? చంపినా ముసలి రాణి మీద కత్తి దూశానని చెప్పుకోవడానికి మనసు ఒప్పలేదా? చెబితే వినేవాళ్లు మెచ్చరని తెలుసా? ఈ రెండు రాళ్ల మధ్య ఉన్న ఖాళీయే నీ నవలకు దొరికిన నేల. నువ్వేమో మూడో అధ్యాయంలో రుద్రమను గుర్రమెక్కించి, అంబదేవుడి ఎదుట నిలబెట్టి, రెండు పేజీల ఉపన్యాసం ఇప్పించావు. ఆ ఖాళీ ఎంత విలువైందో గమనించకుండా కంగారుగా నింపేశావు. ఆ అధ్యాయం తీసెయ్యి.

నేను పనిచేసే పద్ధతి చెబుతాను, నచ్చితే వాడుకో. నోట్సు పుస్తకంలో పేజీ మధ్యన నిలువు గీత గీస్తాను. ఎడమవైపు రికార్డులో ఉన్నది, ఎక్కడ ఉందో దాంతో సహా. కుడివైపు నేను ఊహిస్తున్నది. కథ ఎడమవైపు దేన్నీ కాదనకూడదు, అదొక్కటే నా నియమం. కుడివైపు ఎంత దూరమైనా పోవచ్చు. రోజులు గడిచేకొద్దీ ఊహించినవి నిజంగా జరిగినవే అనిపించడం మొదలవుతుంది, పాత్రలతో అంత సావాసం చేస్తాం కాబట్టి. అప్పుడు ఆ గీతే కాపాడుతుంది. నిన్ను ఎవరైనా తప్పు పట్టినప్పుడు కూడా, "ఇది శాసనం, ఇది నా కల్పన" అని వేలుపెట్టి చూపించగలిగితే భయపడాల్సిన పని లేదు.

ఎడమవైపు రాసుకున్నదంతా సత్యమని కూడా అనుకోకు. శాసనం రాయించినవాడికి ఒక అవసరం ఉంటుంది. యాత్రికుడు రాసిన దాంట్లో రేవుల్లో విన్న కబుర్లు ఉంటాయి. మార్కో పోలోనే తీసుకో. మోటుపల్లి (కాకతీయుల సముద్రపు రేవు) రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని, భర్త పోయాక నలభై ఏళ్లుగా ఎంతో న్యాయంగా పాలిస్తోందని రాశాడు. రుద్రమకు రాజ్యం వచ్చింది తండ్రి గణపతిదేవుడి నుంచి. ఏలింది మూడు దశాబ్దాల లోపే. చరిత్రకారుడికి అది సరిదిద్దాల్సిన పొరపాటు. నవలాకారిణివి నీకు మాత్రం అది దొరికిన సొమ్ము. రేవులో సరుకు దించే మనుషులు, ఓరుగల్లు ముఖం ఎన్నడూ చూడనివాళ్లు, తమ రాణి గురించి పరదేశులతో ఏమని చెప్పుకునేవారో అందులో వినిపిస్తోంది కదా! ఆడది గద్దె మీద ఉందంటే మొగుడు పోయి ఉంటాడు, అందుకే కూర్చుంది అని జనం తమకు తోచిన కారణం చెప్పుకుని ఉంటారు. ఆ ఒక్క మాట మీద ఒక అధ్యాయం రాయొచ్చు.

శాసనాన్ని తేదీల కోసం చదివి పక్కన పెట్టకు, మనుషుల కోసం చదువు. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి స్తంభం ఉంది, ఇప్పటి అమరావతి రాజధాని ఊళ్ల మధ్యనే. శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం గ్రామం ఇచ్చిన వివరం దాని మీద ఉంది. ఇస్తానన్నవాడు గణపతిదేవుడు, ఆ మాట చెల్లించింది రుద్రమ. పుస్తకాల్లో ఒక పేరాతో సరిపెట్టేస్తారు. అసలు పాఠం తెరిచి చూస్తే అందులో ఊరుకు ఊరే ఉంది. చదువు చెప్పేవాళ్లు, వైద్యుడు, లెక్కలు రాసేవాడు, నాట్యకత్తెలు, వాద్యగాళ్లు, వంటవాళ్లు, ఊరి కాపలావాళ్లు. దానంలో కొంత ప్రసూతిశాలకు, కొంత ఆరోగ్యశాలకు, కొంత అన్నసత్రానికి. ప్రసూతిశాల అన్న దగ్గర నువ్వు ఆగాలి. అక్కడ ఒక మంత్రసాని ఉండి ఉంటుంది. శాసనంలో ఆమె పేరు లేదు. వర్షాకాలం రాత్రి కృష్ణ పొంగుతుంటే నొప్పులు పడుతున్న పిల్లను ఎవరో బండి మీద తీసుకొచ్చి ఉంటారు. నీ నవలలో ఇంతవరకు కోట దాటి ఒక్క ఆడమనిషి కూడా కనబడలేదు. రాణి గురించి రాస్తున్నావు, ఆమె ఏలిన ఆడవాళ్లను వదిలేశావు.

మోటుపల్లి అభయశాసనం కూడా అలాగే చదువు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని గణపతిదేవుడు 1244లో వ్యాపారులకు అభయమిచ్చాడు. సుంకాల పట్టీలో మంచిగంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టు, మిరియాలు, పోకలు ఉన్నాయి. సముద్రంలో ప్రాణాలు దక్కించుకుని ఒడ్డు చేరినవాడు, తన సరుకును రాజభటులు మోసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డ రోజులు అంతకుముందు ఉన్నాయన్న మాట. ఓరుగల్లు బజారులో నీ వ్యాపారి పాత్ర తండ్రి అలాంటి రోజులు చూసి ఉండవచ్చు. అప్పుడు రుద్రమ వంశం మీద ఆ వ్యాపారికున్న భక్తికి కారణం దొరుకుతుంది. ఇప్పుడైతే ఊరికే జయజయధ్వానాలు చేస్తున్నాడు.

తిండి దగ్గర జాగ్రత్త. మొదటి అధ్యాయంలో సైనికులకు జొన్నసంకటిలోకి మిరపకాయ కారం పెట్టావు. మిరప మన దేశానికి వచ్చింది 1498 తర్వాత, పోర్చుగీసుల ఓడల్లో. రుద్రమ పోయిన రెండు వందల ఏళ్ల తర్వాతి మాట. వేరుశనగ, టమాటా, జామ, బొప్పాయి కూడా అంతే. వాళ్లకు కారమంటే మిరియాలే. మరి ఏం తినేవారని అడుగుతావు, క్రీడాభిరామం తెరువు. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే ఆ కావ్యం రుద్రమ తర్వాతి కాలందే గానీ, మనకింత దగ్గరి సాక్ష్యం ఇంకొకటి లేదు. అందులో లక్ష్మణవజ్ఝల అనే ఆయన పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు ఏమేం పెడతారో ఉంది. సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. ఆ నెయ్యి వాసనను దారినపోయేవాడి ముక్కుకు తగిలించు. ఊళ్లో యుద్ధం పుకార్లు లేచిన రోజున ఆ ఇంట్లో భోజనం ధర పెరిగిందా, వడ్డన తగ్గిందా? రాజ్యం కదులుతోందని మామూలు మనిషికి మొదట తెలిసేది విస్తరి దగ్గరే.

కాలం లెక్క కూడా మార్చుకో. నీ పాత్రలు "అయిదు నిమిషాల్లో" వస్తున్నారు. వాళ్లకు ఘడియలు, జాములు ఉన్నాయి. వాటికన్నా ముఖ్యం చీకటి. నూనె దీపం వెలుగులో ఎదుటి మనిషి ముఖం సగమే కనబడుతుంది. రాత్రి జరిగే మంతనాల్లో ఆ సగం కనబడని ముఖం నీకు చాలా పని చేసిపెడుతుంది. సంభాషణల్లో "హుకుం", "తయారు" లాంటి తర్వాతి కాలపు మాటలు ఏరి తీసెయ్యి. అలాగని గ్రాంథికంలోకి పోకు. వాళ్లు ఇళ్లల్లో శాసనాల భాష మాట్లాడుకోలేదు. ఈ కాలపు వాసన లేని తేట తెలుగు చాలు.

ఇక అసలు సలహా. ఈ కథ ఎవరి కళ్లతో చెప్పాలన్నది ఇంకోసారి ఆలోచించు. రుద్రమ మనసులోకి నువ్వు నేరుగా దూకేశావు. ఆమె అప్పటికి మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పగించే వయసులో ఉంది. చిన్ననాటి నుంచి మగవేషం, శాసనాల్లో రుద్రదేవ మహారాజన్న పేరు, ఆడదాని ఆజ్ఞ వినమన్న సామంతులు, ఇన్ని దాటి వచ్చిన మనిషి. ఆ మనసు నీకు ఇంత త్వరగా చిక్కదు, నాకూ చిక్కదు. పువ్వుల ముమ్మడిని చూడు. మల్లికార్జున నాయకుడి కొలువులో ఉన్నవాడు. రాజధానిలో పండితులున్నారు, మంత్రులున్నారు, మనవడున్నాడు. ఆ మరణం తేదీని మనదాకా మోసుకొచ్చింది మాత్రం వీడు. తన భూమి ఇచ్చి, రాయి చెక్కించి, యజమాని పేరుతో పాటు రాణి పేరు వేయించాడు. వాడు యుద్ధంలో ఉన్నాడా? ఉంటే ఎలా బతికాడు? బతికినందుకు సిగ్గుపడ్డాడా? ఆ శాసనం భక్తితో వేయించాడా, బతికి ఉండటం భరించలేక వేయించాడా? శాసనం మార్గశిర మాసంలో వేశారు. దసరా వెళ్లాక దండు కదిలిందనుకుంటే నీ కథంతా దాదాపు రెండు నెలల్లో ఇమిడిపోతుంది. పొలాల్లో వరి పండి ఉంటుంది, కోతకు మనుషులు కావాలి, మగవాళ్లు దండులోకి పోయారు. ముమ్మడి భార్యకు ఆ పంట దిగులు ఉంటుంది కదా! రాణిని వాడు రెండు మూడుసార్లు దూరం నుంచి చూసి ఉంటాడు. ఆ రెండు మూడుసార్లే నవలలో రుద్రమ కనబడాలి. అప్పుడు ఆమె ఎంత పెద్దగా కనబడుతుందో రాసి చూస్తే నీకే తెలుస్తుంది.

అంబదేవుణ్ణి దుర్మార్గుణ్ణి చేశావు, అది నాకు నచ్చలేదు. త్రిపురాంతకం శాసనం వాడి గొంతుతో చదువు. వాడి లెక్కలో వాడొక వీరుడు, తన వంశాన్ని సామంతగిరీ నుంచి బయటపడేసినవాడు. వాడికి అన్యాయం చేస్తే రుద్రమ కూడా చిన్నదైపోతుంది, ఎందుకంటే ఆమె ఎదిరించింది ఒక బొమ్మను కాదు. అలాగే కాకతీయులు మావాళ్లంటే మావాళ్లని ఈరోజు రకరకాల సంఘాలు చెప్పుకుంటున్నాయి. పుస్తకం వచ్చాక నీకు ఫోన్లు వస్తాయి, మర్యాదగా మాట్లాడు. రాసేటప్పుడు మాత్రం ఆ గొంతులు గదిలోకి రానివ్వకు. ఎవరి గర్వాన్ని నిలబెట్టడానికీ ఒక్క వాక్యం రాయకు.

రాస్తూ రాస్తూ వివరం తెలియక ఆగిపోతున్నానన్నావు. ఆగకు. గుర్రం జీను ఎలా ఉండేదో తెలియకపోతే అక్కడ చుక్కలు పెట్టి ముందుకు పో. చిత్తుప్రతి అయ్యాక ఆ చుక్కల కోసం వెతుకు. సగం చుక్కలకు సమాధానమే అక్కర్లేదని అప్పుడు తెలుస్తుంది. సేకరించిన దాంట్లో చాలావరకు పుస్తకంలోకి రాదు, రాకూడదు. రెండో అధ్యాయంలో కోటగోడ కొలతలు పేజీ నిండా ఇచ్చావు. ముమ్మడి ఆ గోడ కింద నడుస్తూ ఎన్నడూ దాని కొలతల గురించి ఆలోచించడు. నీడ ఎక్కడ పడుతుందో చూసుకుని అక్కడ కూర్చుంటాడు.

నల్లగొండ జిల్లా శాసనాల సంపుటాలు నా దగ్గరున్నాయి. వచ్చి చూసుకో, కావలసిన పేజీలు జెరాక్స్ తీయించుకో. ఈ మార్గశిరంలో వీలు చూసుకుని చందుపట్ల కూడా వెళ్లిరా. ఆ ఊళ్లో చెరువు పనులు, కోతల పనులు చేసిన పెద్దవాళ్లతో మాట్లాడు. వరి కోత గురించి వాళ్లు చెప్పేది ఏ గ్రంథంలోనూ దొరకదు. మొదటి రెండు అధ్యాయాల్లో పూటకూళ్ల ఇల్లు, గుర్రాల సాల ఉన్న పేజీలు బాగున్నాయి, వాటిని ఉంచు. మిగతాది ముమ్మడి వైపు నుంచి మళ్లీ రాసి సంక్రాంతి లోపల పంపు. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి