సబ్‌వూఫర్ బాక్సుకు సిలికాన్ సరిపోతుందా? ముందు కోత సంగతి చూడండి

మీరు అడిగినవి రెండు. 12 అంగుళాల సబ్‌వూఫర్‌కు (లోతైన కింది స్వరాలు పలికించే స్పీకరు) కారు డిక్కీలో పట్టే సీల్డ్ బాక్సు (గాలికి ఎటూ దారి లేకుండా మూసిన పెట్టె) సొంతంగా చేసుకోవచ్చా, అతుకులకు లోపల సిలికాన్ పూస్తే గాలి బయటికి పోకుండా ఆగుతుందా అని. మొదటిదానికి జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. రెండోదానికి నా జవాబు వింటే సిలికాన్ అమ్మేవాళ్ళు నొచ్చుకుంటారు. గాలి ఆగేది రంపం కోతలోనూ, జిగురులోనూ. ఆ రెండూ కుదరని చోటే సిలికాన్ గొట్టం గుర్తుకొస్తుంది. ఒక డబ్బాకు మూడు గొట్టాలు ఖాళీ చేసిన అనుభవంతో చెబుతున్నాను.

2016లో మాట. నాది చిన్న హ్యాచ్‌బ్యాక్. విజయవాడ ఆటోనగర్‌లో స్పీకర్లు బిగించే ఒక షాపులో అడిగితే రెడీమేడ్ బాక్సు చూపించారు. వేలితో తట్టాను, ఖాళీ పెరుగు కుండలా మోగింది. పలచని పార్టికల్ బోర్డు, పైన కార్పెట్టు. కార్పెట్టు కింద ఏ పాపం దాగుందో కొన్నవాడికి ఎప్పటికీ తెలియదు. నాకు రోషం వచ్చి, మా ఇంటి తలుపులు చేసిన ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు బిగిస్తే సందులో పోస్టుకార్డు దూరదు. అలాంటి మనిషికి చెక్క డబ్బా ఒక లెక్కా అనుకున్నాను.

కాగితం మీద 14, 14, 10 అంగుళాలు అని రాసిచ్చాను. అవి లోపలి కొలతలు. ఆ "లోపలి" అన్న మాట నేను రాయలేదు. బీరువా అయినా, గూడు అయినా ఆచారి గారికి కొలత అంటే బయటి కొలతే. ఈ తేడా నాకు చాలా రోజుల తరువాత తెలిసింది, దాని దగ్గరికి వస్తాను.

డబ్బా చూడముచ్చటగా వచ్చింది. చేసింది ఎండీఎఫ్‌తో, అంటే చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలకతో. దాని అంచుల్లోకి మేకులు దిగిన చోట మాత్రం చెక్క పొరలుగా విచ్చుకుంది. ఎండీఎఫ్ అంచు నిజమైన కర్రలా మేకును పట్టుకోదు. ముందు సన్నటి బెజ్జం వేసి స్క్రూ దించకపోతే రేకులు విప్పుతుంది. ఆచారి గారు అది చూసి "ఇది చెక్క కాదు బాబూ, అట్ట" అని తీసిపారేశారు. నేను ఏమాత్రం కంగారు పడకుండా సిలికాన్ తెచ్చి అతుకులన్నిటికీ వేలితో రుద్దాను. పని అయిపోయిందనుకుని మరునాడు స్పీకరు బిగించి, నాన్నగారిని ఎక్కించుకుని గుంటూరు బయలుదేరాను.

మంగళగిరి దాటాక పాటలో మృదంగం తొప్పి వైపు దెబ్బ పడినప్పుడల్లా వెనక నుంచి "ఫుస్" అని వినిపించడం మొదలైంది. నాన్నగారు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, "వెనక తలుపు సరిగ్గా పడలేదేమో, ఆపి చూడు" అన్నారు. ఆపాను, తలుపు తీసి వేశాను. మళ్ళీ ఫుస్. ఈసారి "టైరులో గాలి పోతోందేమో" అన్నారు. మళ్ళీ ఆపాను. నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయి. మూడోసారి ఆయన ఏమీ అనకుండా టేపు ఆపేశారు. కారులో టేపు లేదు, ఉన్నది టచ్ స్క్రీను. ఆయన దాన్ని టేపు అనే అంటారు.

సైకిలు ట్యూబు అయితే నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తాం. ఎండీఎఫ్‌ను నీళ్ళలో ముంచలేం. అతుకుల మీద సబ్బు నురగ పూసి చూడమని సలహాలిచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళెప్పుడూ ఎండీఎఫ్ ముట్టుకుని ఉండరు. తడి తగిలితే అది బిస్కెట్టు లాంటిది. అందుకే నేను దేవుడి గదిలోంచి అగరబత్తి తెచ్చాను.

హాల్లో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, డబ్బాను నేల మీద పెట్టి, ఫోనులోంచి 30 హెర్ట్జుల స్వరాన్ని సన్నగా పెట్టాను. అంత కింది స్వరం చెవికి సరిగ్గా వినిపించదు, స్పీకరు ముందు పళ్ళెంలా కనిపించే కోన్ మాత్రం ఊపిరి తీసుకుంటున్నట్టు ముందుకూ వెనక్కూ కదులుతుంది. అగరబత్తిని అతుకు వెంబడి అంగుళం అంగుళం జరుపుతూ పోయాను. పొగ నిటారుగా లేస్తే అక్కడ గాలి కదలడం లేదు. వణికితే అక్కడ కంత ఉంది. ముందు వైపు అయింది, కుడి వైపు అయింది, పొగ దారంలా లేస్తోంది. అంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి, డబ్బా చుట్టూ మోకాళ్ళ మీద అగరబత్తితో తిరుగుతున్న నన్ను కాసేపు చూసి, "దీనికి కొబ్బరికాయ కూడా కొట్టాలా?" అంది.

వెనక వైపు, వైరు తగిలించే ప్లాస్టిక్ టెర్మినల్ ప్లేటు దగ్గరికి రాగానే పొగ విరిగిపడింది. కోన్ కదిలిన ప్రతిసారీ పొగను లోపలికి లాగి బయటికి ఉమ్ముతోంది. మూడు గొట్టాల సిలికాన్ అతుకులకు పూశాను గానీ, ఈ ప్లేటు వెనక కనీసం ఒక రబ్బరు వాషరు వేయాలని తోచలేదు. స్పీకరు అంచు కింద కూడా గాస్కెట్ (గాలి పోకుండా వేసే మెత్తటి పట్టీ) లేదు, అక్కడ రెండు చోట్ల పొగ వణికింది. మేకులతో విచ్చుకున్న మూల ఒకటి, సిలికాన్ పూసిన తరువాత కూడా, సన్నగా ఊదుతోంది.

ఇంత చిన్న కంతకు ఇంత గొడవ ఏమిటంటారా? కొలిమి తిత్తికి సూది బెజ్జం పడితే కమ్మరి ఏమంటాడో అడగండి. సీల్డ్ బాక్సులో లోపలి గాలే స్ప్రింగు. కోన్ వెనక్కి వస్తే గాలి నలిగి ఎదురు నెడుతుంది, ముందుకు పోతే వెనక్కి గుంజుతుంది. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే అతను ఈ కిటుకుతోనే చిన్న పెట్టెలోంచి లోతైన శబ్దం రప్పించాడు. కంత పడితే ఆ స్ప్రింగు సడలుతుంది. కింది స్వరాల దగ్గర కోన్‌కు పట్టు తప్పుతుంది, గట్టిగా పెడితే అవసరానికి మించి ఊగి, దాన్ని కదిలించే తీగచుట్ట అయిన కాయిల్‌కే ముప్పు తెస్తుంది. మెల్లగా అరచేతితో కోన్‌ను నొక్కి పట్టుకుని చూడండి. లోపలి నుంచి వచ్చే ఎదురు కాసేపటికి నీరసించిపోతుంటే గాలి ఎక్కడో పారిపోతున్నట్టే.

సరే, ఆ మూలను మళ్ళీ ఫెవికాల్‌తో అతుకుదామనుకున్నాను. ఇక్కడే సిలికాన్ మీద నా అసలు కోపం. ఒకసారి సిలికాన్ తగిలిన చెక్కకు ఇంకే జిగురూ పట్టదు, రంగూ పట్టదు. గీకినా ఆ జిడ్డు పొర పోదు. అంటే మొదట సిలికాన్ పూస్తే, మీ తప్పును దిద్దుకునే దారి మీరే మూసుకున్నట్టు. పైగా మామూలు రకం ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది ఎసిటిక్ ఆమ్లం. పూర్తిగా ఆరకముందే నాలాగా మరునాడు తొందరపడి స్పీకరు బిగిస్తే ఆ ఆవిరంతా మూసిన డబ్బాలో రాగి తీగల మీద పని చేస్తుంది. తప్పక వాడాలంటే వాసన రాని న్యూట్రల్ రకం తీసుకుని, ఆరడానికి రెండు రోజులివ్వండి.

ఆ కోపంలో డబ్బా విప్పి టేపు పెట్టి కొలిస్తే కొలతల సంగతి బయటపడింది. బయట 14, 14, 10. చెక్క మందం 18 మిల్లీమీటర్లు పోగా లోపల మిగిలింది 22 లీటర్లు. నాకు కావలసింది 32. సబ్‌వూఫర్‌తో వచ్చే కాగితంలో వీఏఎస్, క్యూటీఎస్ అని రెండు అంకెలుంటాయి. మొదటిది స్పీకరు సొంత స్ప్రింగు ఎన్ని లీటర్ల గాలి స్ప్రింగుతో సమానమో చెబుతుంది, రెండోది ఊగే కోన్‌కు ఎంత అదుపు ఉందో చెబుతుంది. నా దానికి 60 లీటర్లు, 0.42. సీల్డ్ బాక్సులో బిగించాక ఆ రెండో అంకె 0.707 కావాలని లక్ష్యం పెట్టుకుంటారు. 0.707ను 0.42తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, అందులోంచి ఒకటి తీసేసి, 60ని దానితో భాగించండి. 32 చిల్లర వస్తుంది. ఎనిమిదో తరగతి లెక్క. దీన్ని వేయకుండా "12 అంగుళాలకు ఇంత డబ్బా" అని కంటి అంచనాతో కోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళే ఆంప్లిఫయర్ మీద 1500 వాట్లు అన్న స్టిక్కర్ చూసి మురిసిపోతారు. దాని వెనక ఉన్న ఫ్యూజు 30 ఆంపియర్లు. 12 వోల్టులతో గుణించి చూడండి, 360. మిగతా 1140 వాట్లు స్టిక్కర్‌లోంచి వస్తాయి కాబోలు.

ఫ్యూజు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి తీరాలి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరుకు, బ్యాటరీ దగ్గరే, ఒకటిన్నర అడుగు లోపల ఇంకో ఫ్యూజు ఉండాలి. నాకు బిగించినవాళ్ళు దాన్ని డిక్కీలో, ఆంప్లిఫయర్ పక్కన పెట్టారు. మధ్యలో వైరు ఎక్కడైనా రేకుకు ఒరుసుకుంటే మంటలంటుకునేది బ్యాటరీకీ ఆ ఫ్యూజుకూ మధ్యనే కదా. అడిగితే "ఏమీ కాదు సార్" అన్నారు. నేనే విప్పి మార్చుకున్నాను.

రెండో డబ్బాకు రంపం పని నేను ఎవరికీ వదల్లేదు. ప్లైవుడ్ డిపోలో ప్యానెల్ కటింగ్ మిషను ఉంటుంది. కొలతల కాగితం ఇచ్చి, దగ్గరే నిలబడి, ముక్కలన్నీ అక్కడే కోయించాను. అంచు మీద అంచు పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మధ్యలోంచి వెలుగు రాకూడదు. అంతే పరీక్ష. తరువాత అంచులకు ఫెవికాల్ ధారాళంగా పూశాను. ఎండీఎఫ్ అంచు జిగురును తాగేస్తుంది కాబట్టి ఒక పూత ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. స్క్రూలకు బెజ్జాలు ముందే వేశాను. క్లాంపులు లేవు, తాడు చుట్టి కర్రతో మెలిపెట్టి, పైన అమ్మ రుబ్బురోలు పొత్రం పెట్టాను. ఒక రోజంతా ముట్టుకోలేదు. లోపలి మూలల్లో రంపపు పొట్టును ఫెవికాల్‌తో చలిమిడిలా కలిపి వేలితో మెత్తాను. ఆచారి గారు చేసే పనే అది. ఆరాక చెక్కతో ఒక్కటైపోతుంది, దాని మీద మళ్ళీ జిగురు కూడా పడుతుంది. టెర్మినల్ ప్లేటు చుట్టూ ఎం-సీల్, స్పీకరు అంచు కింద ఫోమ్ టేపు. లోపల దిండులో వాడే పాలిస్టర్ దూదిని వదులుగా పెట్టాను. స్పీకరు అయస్కాంతం ఆక్రమించే ఒకటి రెండు లీటర్ల లోటును అది పూడ్చేస్తుంది. బయట, అంచులతో సహా, వుడ్ ప్రైమర్ రెండు పూతలు. సిలికాన్ చుక్క కూడా లేదు.

మళ్ళీ అగరబత్తి వెలిగించాను. ఈసారి పొగ గుడిలో లేచినట్టు లేచింది. అమ్మ ఏమీ అడగలేదు.

పోర్టెడ్ బాక్సు (గాలికి కావాలనే గొట్టం లాంటి దారి వదిలినది) చేసుకోండి, ఇంకా గట్టిగా మోగుతుంది అని మీకు ఎవరో ఒకరు చెబుతారు. మోగుతుంది. దానితో పాటు నంబరు ప్లేటు, డిక్కీ తలుపు, పక్కింటి కిటికీ కూడా మోగుతాయి. చిన్న కారులో సీల్డ్ బాక్సే సుఖం. ఇది వాదనకు పెట్టదలచుకోలేదు. ఇంకో సంగతి, బాక్సును డిక్కీలో ఊరికే పెట్టి వదలకండి. స్పీకరుతో కలిపి 15 కిలోలుంటుంది. గట్టిగా బ్రేకు వేస్తే వెనక సీటు మీదికి వస్తుంది. బెల్టుతోనో బ్రాకెట్టుతోనో కట్టేయండి.

ఆ పాత డబ్బాను పారేయడానికి మనసు రాక మేడ మీద పెట్టాను. అమ్మ దాని మీద కరివేపాకు కుండీ పెట్టుకుంది. రెండు వానలకు ఎండీఎఫ్ పూరీలా పొంగి, పొరలు విడిపోయి, ఒక వైపు పలక ఊడిపోయింది. నిన్న దాన్ని తీసి పారేస్తూ చూస్తే, నా మూడు గొట్టాల సిలికాన్ మాత్రం ఇంకా ఆ మూలల్లోనే, ఎల్ ఆకారంలో, చెక్కు చెదరకుండా ఉంది.