అడగని ఓవర్‌డ్రాఫ్టు, చెప్పని కోత: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు సాగు చేస్తాను. నా పొదుపు ఖాతాలో 3,500 రూపాయలు ఉన్నందున జూన్ 2న కట్టవలసిన 3,180 రూపాయల బైకు ఈఎంఐకి ఇబ్బంది లేదనుకున్నాను. మే నెలాఖరులో బ్యాంకు బీమా కింద 456 రూపాయలు తీసుకోవడంతో 136 రూపాయలు తక్కువై ఈఎంఐ బౌన్స్ అయింది. అది గమనించక పురుగుమందులకని 2,700 తీశాను. 6వ తేదీన ఫైనాన్సువారు మళ్లీ పంపితే మళ్లీ బౌన్స్ అయింది. బౌన్స్ అయిన ప్రతిసారీ 295 చొప్పున కోసినందువల్ల ఖాతా మైనస్ 246కు చేరింది, బేళ్లు అమ్మిన సొమ్ము పడగానే అదీ పోయింది. ఫైనాన్సువారు మరో 500 అడుగుతున్నారు. నేను ఓవర్‌డ్రాఫ్టు కోరలేదు. బ్యాంకులో అడిగితే సిస్టమే కట్ చేసిందంటున్నారు. ఈ డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: అయ్యా, 136 రూపాయల లోటుకు 1,090 రూపాయలు మీదపడడం బాధాకరమే. సిస్టమ్ కట్ చేసిందన్న మాట జవాబు కాదు. ఏ తేదీన, ఏ పద్దు కింద, ఎంత తీసుకున్నారో చెప్పవలసిన బాధ్యత బ్యాంకుదే. పద్దును బట్టి నియమం మారుతుంది గనుక, ముందుగా మే, జూన్ నెలల స్టేట్‌మెంటు తీసుకుని ఒక్కో కోతనూ విడిగా చూడండి.

ఓవర్‌డ్రాఫ్టు అంటే బ్యాంకు ముందుగా మంజూరు చేసే అప్పు. కరెంటు ఖాతా మీదో, డిపాజిట్ మీదో, అర్హత ఉంటే జన్‌ధన్ ఖాతా మీద 10,000 వరకో ఇస్తారు. మీ ఖాతాలో కనిపించిన మైనస్ అటువంటిది కాదు, వసూలు కాని రుసుము బాకీగా నిలిచిందంతే.

ఇక 456 రూపాయల సంగతి. ఆ అంకెను బట్టి చూస్తే అది జీవనజ్యోతి బీమాకు 436, సురక్షా బీమాకు 20 అయి ఉంటుంది. ఎప్పుడో చేసిన సంతకం ఆధారంగా ఈ ప్రీమియంను ఏటా మే నెలాఖరులో తీసుకుంటారు. వద్దనుకుంటే రాతపూర్వకంగా ఆపించవచ్చు గానీ, మీ మరణానంతరం ఇంటివారికి 2 లక్షలు వచ్చే బీమాను ఈ కోపంలో వదులుకోవద్దని నా మనవి. మేలో ఆ మొత్తం అదనంగా ఉంచితే చాలు.

బౌన్స్ రుసుము 250, దానిపై 18 శాతం జీఎస్‌టీ 45 కలిసి 295 అయింది. ఇది బ్యాంకు ప్రకటించిన రుసుముల పట్టికలో ఉంటే తిరిగి ఇవ్వాలని బలవంతపెట్టే నియమమేదీ లేదు. అయినా మేనేజరు తన విచక్షణతో రద్దు చేసే వీలుంటుంది కాబట్టి, మొదటిసారి జరిగిందనీ, ఒకే ఈఎంఐకి రెండుసార్లు వేశారనీ వివరిస్తూ దరఖాస్తు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగినది రికార్డులో నిలవదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది.

ఫైనాన్సువారి 500 మీ రుణ ఒప్పందంలో ఉందా అని అడగండి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం జరిమానాను అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ లెక్కించకూడదు. అలాగే ఈఎంఐ తేదీ మార్చమని కోరండి. వేలం సొమ్ము ఎప్పుడు పడుతుందో రైతు చేతిలో లేని విషయం, తేదీ మార్చడం మాత్రం వారి చేతిలో పనే. ఈఎంఐ బౌన్స్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. చెల్లింపులు, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టం, 2007లోని 25వ సెక్షను కింద దానికీ చెక్కు బౌన్స్‌లాగే శిక్ష ఉంది.

ప్రశ్న: నేను కావలి నుంచి రాస్తున్నాను. ఉద్యోగం మానేశాక జీతం పడే ఖాతాను మూడేళ్లుగా వాడలేదు. ఇప్పుడు మైనస్ 1,770 చూపుతోంది. కడితేనే ఖాతా మూసివేస్తామంటున్నారు. కట్టాలా?

జవాబు: తొందరపడి కట్టకండి. జీతం ఆగిన కొన్ని నెలలకు అటువంటి ఖాతాను బ్యాంకులు మామూలు పొదుపు ఖాతాగా మార్చి కనీస నిల్వ అడగడం మొదలుపెడతాయి. అయితే 2015 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం, నిల్వ తగ్గిందని ముందు తెలియజేసి, సరిదిద్దుకోవడానికి ఒక నెల గడువు ఇచ్చాకే జరిమానా వేయాలి. ఆ జరిమానా కారణంగానే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. పైగా ఖాతాదారు లావాదేవీ లేక రెండేళ్లు దాటి ఖాతా నిష్క్రియం అయితే కనీస నిల్వ జరిమానా అసలే వేయకూడదు, తిరిగి తెరవడానికీ రుసుము తీసుకోకూడదు. కాబట్టి స్టేట్‌మెంటు తీసుకోండి. ఆ 1,770 అంతా కనీస నిల్వ జరిమానాయే అయితే, ఈ నియమాన్ని పేర్కొంటూ దాన్ని రద్దుచేసి ఖాతా మూసివేయమని దరఖాస్తులో రాయండి. డెబిట్ కార్డు వార్షిక రుసుము వంటివి కలిసి ఉంటే వాటిని వేరుచేసి, ఆ మేరకే బ్యాంకుతో మాట్లాడండి.