ఒక్కదానికే ఇటలీ ప్రయాణం: ఎఫ్‌డీ తీయాలా, చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో చేస్తున్నాను. చేతికి 68 వేలు వస్తాయి. ఇల్లు గడవడానికి 42 వేలు, చిట్టీకి 15 వేలు పోతాయి. అది 3 లక్షల చిట్టీ, 20 నెలలు, ఈ ఏప్రిల్‌తో ఎనిమిదో నెల. మా గ్రూపులో పాట 70 వేల దాకా వెళ్తోంది. ఎఫ్‌డీలో రెండున్నర లక్షలున్నాయి. అమ్మ నాతోనే ఉంటుంది, కంపెనీ ఇన్సూరెన్స్‌లో తన పేరు ఉంది. ఇటలీలోని సియెనాకు ఒక్కదాన్నే వెళ్లి ఓ వారం ఉండి రావాలని ఎన్నాళ్లుగానో ఆశ. ఈ ఆగస్టులో వెళ్దామంటే డబ్బు దేంట్లోంచి తీయను? చిట్టీ పాడుకోనా, ఎఫ్‌డీ తీసేయనా, పర్సనల్ లోన్ పెట్టనా? ఒక్కదాని కోసం ఇంత ఖర్చేంటని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ముందు చివరి మాటకు జవాబిస్తాను. ఇల్లు నడుపుతూ, అమ్మను చూసుకుంటూ, అప్పు లేకుండా ఉన్న మనిషి తన కోసం ఓ వారం ఖర్చు పెట్టుకోవడం తప్పెలా అవుతుంది? వెళ్లండి. కానీ ఈ ఆగస్టులో వద్దు, మీరు రాసిన మూడు దారుల్లో ఏదీ వద్దు.

చిట్టీ సంగతి చూద్దాం, మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి లెక్క మీకే తెలుస్తుంది. ఇప్పుడు 70 వేలకు పాడితే చేతికి 2 లక్షల 30 వేలు. వదులుకున్న 70 వేలల్లో, 3 లక్షల చిట్టీ మీద 5 శాతం కమీషన్ 15 వేలు పోను మిగిలిన 55 వేలు ఇరవై మందికి పంచితే మీకు తిరిగొచ్చేది 2,750. అదే వచ్చే ఏప్రిల్‌లో చివరి నెల దాకా ఆగితే 2 లక్షల 85 వేలు వస్తాయి. అత్యవసరానికైతే పాడుకోవాల్సిందే, ప్రయాణానికి మాత్రం పాడుకోకండి. పర్సనల్ లోన్ 2 లక్షలు 14 శాతానికి రెండేళ్లకు తీసుకున్నా వడ్డీయే 30 వేలు దాటుతుంది, తిరిగొచ్చాక ఇరవై నెలల పైన ఈఎంఐ కడుతూ ఉంటారు. ఇక ఎఫ్‌డీ, అది మీ ఇంటికి ఆరు నెలల తిండి. జీతం మీద ఆధారపడే ఇంట్లో దాన్ని ముట్టుకోకూడదు, పైగా వీసా ఫైల్లో మీ తరఫున గట్టిగా మాట్లాడేది కూడా ఆ ఎఫ్‌డీ రశీదే.

ఎంతవుతుందో ఇప్పుడు చూద్దాం. యూరోను 110 రూపాయలుగా వేసుకుంటున్నాను, కాస్త ఎక్కువ వేసుకోవడమే క్షేమం. విమానం రానూపోనూ 70 వేలు, వీసా, ఇన్సూరెన్స్ కలిపి 15 వేలు (ఇటలీతో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కవర్ కనీసం 30 వేల యూరోలకు ఉండాలి), ఏడు రాత్రులకు చిన్న గది 600 యూరోలు అంటే 66 వేలు, తిండికి 26 వేలు, బస్సులు రైళ్లు 8 వేలు, చూసే చోట్ల ప్రవేశ టిక్కెట్లకు 7 వేలు. మొత్తం 1 లక్షా 92 వేలు, చేతిలో అదనంగా 20 వేలు ఉంచుకుంటే 2 లక్షల 12 వేలు.

ఇందులో ఒంటరి ప్రయాణానికి దెబ్బ పడేది గది దగ్గరే. ఇద్దరు పంచుకునే గదికీ మీరొక్కరే ఉండే గదికీ అద్దెలో పెద్ద తేడా ఉండదు, మొత్తం మీరే కట్టాలి. ఇటలీ ప్రభుత్వం కూడా దీన్ని లెక్కలోకి తీసుకుంది: 6 నుంచి 10 రోజులు ఉండేవాళ్లు వీసాకు చూపించాల్సిన కనీస డబ్బు ఒక్కరైతే రోజుకు 44.93 యూరోలు, ఇద్దరూ అంతకంటే ఎక్కువమందీ అయితే మనిషికి 26.33. కాబట్టి పొదుపు చేయాలంటే తిండి దగ్గర కాదు, నెల మార్చుకోవడం దగ్గర చేయండి.

అందుకే ఆగస్టు వద్దన్నాను. సియెనాలో జులై 2న, ఆగస్టు 16న పాలియో గుర్రప్పందెం జరుగుతుంది. ఊరి నడుమ ఉన్న కాంపో చౌరస్తా చుట్టూ మట్టి పరిచి మూడు చుట్లు పరిగెత్తిస్తారు, నిమిషంన్నర లోపే అయిపోతుంది, కానీ ఆ రోజుల్లో గదుల ధరలు ఎక్కడికో పోతాయి. మీరు వచ్చే ఏడాది అక్టోబరు మొదటి వారం పెట్టుకోండి. పందెం హడావిడి ఉండదు, పైగా ఏడాదిలో ఎక్కువ భాగం కప్పి ఉంచే డ్యుయోమో చర్చి నేల, అంటే రంగు రంగుల పాలరాతిలో బొమ్మలు పొదిగిన నేల, మామూలుగా ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా తెరిచి ఉంచుతారు. నవంబరులో గది ఇంకా చవక, నిజమే, కానీ అంత దూరం వెళ్లి ఆ నేల చూడకుండా రావద్దు.

మీ వృత్తికి ఈ ఊరంత దగ్గరిది ఇంకోటి నాకు తెలియదు. ఇప్పటికీ నడుస్తున్న బ్యాంకుల్లో అన్నిటికంటే పాతదైన మోంతె దెయ్ పాస్కి 1472లో ఇక్కడే పుట్టింది. అంతకు ముందే ఊరి ఖజానా కార్యాలయం బిక్కెర్నా, తన ఖాతా పుస్తకాలకు బొమ్మలు గీసిన చెక్క అట్టలు వేయించేది. వాటిల్లో 1258 నాటి అట్ట మీద ఖజానా చూసే సన్యాసి బొమ్మే ఉంటుంది. కాంపోకి దగ్గర్లోనే పిక్కొలొమిని భవనంలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఇవి ఉన్నాయి, వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. ఏడు వందల ఏళ్ల కిందట జమాఖర్చు రాసినవాళ్లకు అంత గౌరవం ఇచ్చిన ఊరది, మీలాంటివాళ్లు చూసి తీరాలి. ఊరి పాలనా భవనం పలాత్సో పుబ్లికోలో చిత్రకారుడు అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లో వేసిన గోడ చిత్రాలు కూడా వదలొద్దు, పాలన బాగుంటే అంగళ్లూ పొలాలూ ఎలా ఉంటాయో, చెడితే ఏమవుతాయో ఎదురెదురుగా గీశాడు.

డబ్బు ఇలా కూడుతుంది. నెలకు మీకు మిగిలేది 11 వేలు. అందులో 2 వేలు పక్కన పెట్టి అమ్మకు విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి, ప్రీమియం తన వయసునీ ఆరోగ్యాన్నీ బట్టి అటూ ఇటూ అవుతుంది. ఇది ప్రయాణం కంటే ముందు. మీ ఉద్యోగం పోయిన రోజున కంపెనీ ఇన్సూరెన్స్ కూడా పోతుంది, కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, అందుకే ఆలస్యం చేయకండి. వ్యక్తిగత హెల్త్ ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. మిగతా 9 వేలు మే నుంచి ఆర్‌డీ, 16 నెలలకు 1 లక్షా 44 వేలు, వడ్డీతో లక్షా యాభైకి చేరుతుంది. వచ్చే ఏప్రిల్‌లో చిట్టీ అయిపోతే ఆ 15 వేలు ఖాళీ అవుతాయి, అయిదు నెలలు అవి కలిపితే 75 వేలు. రెండూ కలిసి 2 లక్షల 25 వేలు. చిట్టీలో వచ్చే 2 లక్షల 85 వేలు అంతా ఎఫ్‌డీలో వేసేయండి, అందులోంచి ఒక్క రూపాయి కూడా ప్రయాణానికి అక్కర్లేదు.

వీసాకు వెళ్లే ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయించకండి, ఎక్కడిదని అడుగుతారు, నెలనెలా జీతం, ఆర్‌డీ కనబడే స్టేట్‌మెంటే మంచిది. ప్యాకేజీ ఏజెంటును పట్టుకోవద్దు: ఒక్కరే అంటే గదికి అదనం కట్టించుకుంటారు, టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. అది రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. టిక్కెట్టూ గదీ మీరే బుక్ చేసుకోండి, గది మాత్రం క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోండి. ఫ్లోరెన్స్ నుంచి బస్సులో వెళ్తే గంటా పావులో కొండ మీదున్న ఊరి దగ్గరే దిగుతారు, రైల్వేస్టేషన్ కొండ కిందుంటుంది.

అక్కడ కార్డు గీసినప్పుడు మెషీన్ స్క్రీన్ మీద ఓ పక్క యూరోలు, ఓ పక్క రూపాయలు కనిపిస్తాయి, మన రూపాయలు చూడగానే చెయ్యి అటే పోతుంది. యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ దుకాణం వైపు వాళ్లు వేసింది పడుతుంది. మీ కార్డుకు విదేశీ ఖర్చు మీద మార్కప్, అంటే బ్యాంకు అదనంగా వేసే రుసుము, 2 నుంచి 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ ఉందేమో బ్యాంకును అడిగి, ఉంటే మార్కప్ లేని ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) తీసుకోండి. ఒక్కరే కాబట్టి రెండో కార్డూ మొత్తం 200 యూరోల నగదూ వేరే బ్యాగులో పెట్టుకోండి, పర్సు పోయినా ఆ రాత్రి గదికీ తిండికీ లోటు రాకూడదు.